పొట్టేలు కాదు, మేకపోతు

పల్లెలో పెరిగిన ఎవరికైనా ఆ బొమ్మ ఫోటో చూపించి ఇదేమిటని అడగండి. మేకపోతు అని ఠక్కున చెబుతారు. వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు చెట్టుకు ఆనించి, రెండు కొమ్మల మధ్య నుంచి మొహం బయటికి పెట్టి చూస్తోంది. ఆకు అందకపోతే చెట్టెక్కబోయేది మేక. గొర్రె తల వంచుకుని నేల మీది గడ్డి చూసుకుంటుంది. పైగా ఈ బొమ్మకు కొమ్ములు మెలి తిరిగి నిటారుగా లేచాయి. పొట్టేలయితే అవి చెవుల పక్కకు చుట్టుకునేవి.

అయినా లోకమంతా దీన్ని ‘పొదలో చిక్కిన పొట్టేలు’ అనే పిలుస్తోంది. ఆ పేరు పెట్టినాయన లియొనార్డ్ వూలీ. ఇరాక్ దక్షిణాన ఊర్ నగరాన్ని తవ్వి తీసిన పురావస్తు శాస్త్రవేత్త, పాదరీ గారి అబ్బాయి. చిన్ననాటి నుంచి బైబిలు వింటూ పెరిగిన మనిషి. కొమ్మల మధ్య కొమ్ముల జీవం కనబడగానే ఆయనకు ఆదికాండం 22వ అధ్యాయం గుర్తొచ్చింది. మోరీయా కొండ మీద కొడుకు ఇస్సాకును బలి ఇవ్వబోయిన అబ్రాహాముకు, పొదలో కొమ్ములు తగులుకున్న పొట్టేలు కనబడిన ఘట్టం అది. తవ్వుతున్నదేమో అబ్రాహాము పుట్టినిల్లుగా పేరుపడ్డ ఊరు. ఇక ఆ పేరు పెట్టకుండా ఉండటం ఎవరి తరం?

నాకు ఆ పేరు మీద కోపమేమీ లేదు. ఒకరకంగా అదే ఈ బొమ్మను బతికించింది. కానీ పేరు చెవిన పడగానే కన్ను పని మానేస్తుంది. కథ గుర్తొస్తుంది, చూడటం అయిపోయిందనిపిస్తుంది. అందుకే కాసేపు అబ్రాహామును పక్కన కూర్చోబెట్టి, ముందు ఆ పనివాడి చేతిని చూద్దాం. అబ్రాహాము దగ్గరికి మళ్లీ వద్దాం. ఆయన ఎలాగూ నడిచి నడిచి అలవాటుపడ్డ మనిషి.

ఊర్ అంటే తెలుగువాళ్లకు ఒక తమాషా ఉంది. తెలుగు బైబిల్లో అది ‘కల్దీయుల ఊరు’. సండే స్కూల్లో ఆ మాట విన్న పిల్లలు ఆ ఊరికి పేరే లేదేమో, కల్దీయులనే వాళ్లుండే ఏదో ఊరేమో అనుకుంటారు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. మన ‘ఊరు’కీ ఆ ‘ఊర్’కీ చుట్టరికం ఏమీ లేదు, శబ్దం కలిసిందంతే. ఇప్పుడు అక్కడి స్థానికులు ఆ దిబ్బను తెల్ అల్ ముకయ్యర్ అంటారు. కీలు పూసిన దిబ్బ అని అర్థం. ఈ కీలు సంగతి మనకు మళ్లీ కావాలి.

ఆ దిబ్బే ఊర్ అని తేల్చింది 1850లలో. బస్రాలో బ్రిటిష్ వైస్ కాన్సల్‌గా ఉన్న టేలర్ అక్కడి జిగ్గురాత్ అనే మెట్ల గోపురం మూలల్లో తవ్వితే, రాతలున్న మట్టి స్తూపికలు దొరికాయి. అవి బాబిలోను చివరి రాజు నబోనిడస్ వేయించినవి. పాతబడ్డ ఆలయాన్ని బాగు చేయించానని, తన కొడుకు బేల్‌షస్సరును కాపాడమని చంద్ర దేవుణ్ణి వేడుకున్నాడు. దానియేలు గ్రంథం చదివినవాళ్లకు ఆ కొడుకు పేరు కొత్త కాదు. అంటే ఊర్ బయటపడటమే బైబిలు పేరొకటి పక్కన పెట్టుకుని జరిగింది.

బ్రిటిష్ మ్యూజియం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియం కలిసి వూలీని అక్కడికి పంపింది 1922లో. అప్పటి నుంచి 1934 దాకా, పన్నెండు చలికాలాలు ఆయన అక్కడే తవ్వాడు. మొదటి ఏడాదే ఒక కందకంలో బంగారు పూసలు తగిలాయి. ఇంకొకరైతే ఆ రాత్రి నిద్రపోకుండా తవ్వించేవారు. వూలీ కందకాన్ని ఆపేశాడు. తన కూలీలకు ఇంకా చేయి తిరగలేదని, పూస విడిగా వస్తే పూసే మిగులుతుందని, ఏ పూస పక్కన ఏ పూస ఉందో తెలిస్తేనే అది హారమవుతుందని ఆయన లెక్క. నాలుగేళ్లు ఆగాడు. ఆ నాలుగేళ్లూ మట్టిగోడకూ మట్టినేలకూ తేడా వేలికొసతో కనిపెట్టడం మనుషులకు నేర్పాడు. మేస్త్రీ హమౌదీ సిరియా సరిహద్దులోని జెరాబ్లస్ మనిషి, కర్కెమీషు తవ్వకాల నాటి నుంచీ వూలీకి కుడిభుజం. ఆయన పూర్తి పేరు హమౌదీ ఇబ్న్ ఇబ్రహీం, ఇబ్రహీం కొడుకు హమౌదీ. అబ్రాహాము కోసం వెతుకుతున్న తవ్వకానికి ఇబ్రహీం గారి అబ్బాయి మేస్త్రీ కావడం ఎవరూ ఏర్పాటు చేసింది కాదు.

1926లో శ్మశానం మీద చెయ్యి వేశారు. మొత్తం 1,800కు పైగా సమాధులు. వాటిలో పదహారింటిని వూలీ రాచ సమాధులన్నాడు. కాలం సుమారు క్రీ.పూ. 2600 నుంచి 2450 మధ్య. మన మేకపోతు ఒంటరి కాదు, జంట. ఆ రెండూ 1928–29 చలికాలంలో, 1237 నంబరు సమాధిలో దొరికాయి. దొరికాయనడం కూడా గొప్పకే. లోపలి కొయ్య ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. పైనున్న నేల బరువుకు బొమ్మ అప్పచ్చిలా అణిగిపోయింది. మిగిలిందల్లా నలిగిన బంగారు రేకు, చెల్లాచెదురైన గవ్వ ముక్కలు, నీలి రాళ్లు. కదిపితే అన్నీ రాలిపోతాయి.

వూలీ చేసిన పని చూడండి. మైనం కరిగించి దాని మీద పోశాడు. గుడ్డ పీలికలు అద్ది, ఎక్కడి ముక్క అక్కడే ఉండేలా బిగించాడు. నేలలో నుంచి మొత్తాన్ని ఒక దిమ్మలా పైకెత్తి, ఆ తర్వాత మెల్లమెల్లగా ఒత్తి అసలు ఆకారానికి తెచ్చాడు. ఇంకొక సమాధిలో కొయ్య పుచ్చిపోయి నేలలో మిగిలిన ఖాళీ బొర్రెల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, గట్టిపడ్డాక మట్టి తీసేస్తే తంతివాద్యం ఆకారం లేచొచ్చింది. లేని కొయ్యకు అచ్చు తీశాడన్నమాట. కాబట్టి ఇవాళ గాజు పెట్టెలో మనం చూసే మేకపోతులో రెండు చేతుల పని ఉంది. మొదటి చేతికి పేరు లేదు. రెండో చేతికి సర్ బిరుదు వచ్చింది.

ఇప్పుడు మొదటి చేతి పని.

బ్రిటిష్ మ్యూజియంలోని బొమ్మ ఎత్తు దాదాపు 46 సెంటీమీటర్లు. మూరకు అటూ ఇటూ. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మ్యూజియంలోది ఇంకొంచెం పొట్టి. ఫోటోల్లో నిలువెత్తు విగ్రహంలా అనిపిస్తుంది కానీ చంకలో పెట్టుకుని నడిచిపోవచ్చు. అంత చిన్న ఒంటి మీద పనివాడు వాడిన సరుకులు లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలవు: కొయ్య, కీలు, బంగారం, వెండి, రాగి, గవ్వ, నీలి రాయి, ఎర్ర సున్నపురాయి.

మధ్యలో కొయ్య బొమ్మ. ముందు దాన్ని చెక్కాలి. అయితే చివరికి ఎవరి కంటా పడని బొమ్మను చెక్కడమంటే ఆ చెక్కడానికి వేరే లెక్క కావాలి. బంగారం పడే మొహం, కాళ్లు అసలు కొలతకే చెక్కాలి, ఎందుకంటే రేకు పలుచన, కింద కొయ్య ఎలా ఉంటే పైన అలాగే కనబడుతుంది. గవ్వలు పడే వీపూ డొక్కా మాత్రం కొలత కంటే సన్నగా చెక్కాలి, వాటి మీద ఎక్కబోయే మందానికి చోటు వదలాలి. బొమ్మ పూర్తయ్యాక మెడ దగ్గర బంగారమూ రాయీ కలిసే చోట మెట్టు కనబడకూడదు. కొయ్య మీద మొదటి ఉలి దెబ్బ వేసే ముందే ఇదంతా తలలో ఉండాలి.

ఆ తర్వాత కీలు. తెలుగు బైబిల్లో బాబెలు గోపురం కట్టినవాళ్లు అడుసుకు బదులు మట్టికీలు వాడారని వస్తుంది. ఇదే అది. యూఫ్రటీసు ఒడ్డున హిత్ అనే చోట నేలలో నుంచి తనంతట ఊరే నల్లటి జిగురు. వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే బిగుస్తుంది. దక్షిణ మెసొపొటేమియావాళ్లు పడవకు పూసిందీ, ఇటుకకు వేసిందీ, నగకు వాడిందీ అదే. మన కంసాలి డొల్ల నగల్లో లక్క నింపే పని తెలిసినవాళ్లకు ఈ మర్మం వెంటనే అందుతుంది. లక్క బంగారాన్ని లోపలి నుంచి నిలబెడుతుంది, సొట్ట పడనీయదు. ఇక్కడ ఆ పని కీలు చేసింది.

అయితే అతను దాన్ని అన్నిచోట్లా ఒకేలా పూయలేదు. మొహం మీద, కాళ్ల మీద, చెట్టు మీద పలచటి పూత. దాని మీద బంగారు రేకు పరిచి, కొయ్యకు అతుక్కునేలా కొట్టాడు. పూత మందమైతే ముక్కుపుటాల వంపు మొద్దుబారిపోతుంది. వీపు మీద మాత్రం దట్టమైన పూత. అక్కడ గవ్వ ముక్కలు పొదగాలి. గవ్వ వెనక భాగం ఎప్పుడూ సమంగా ఉండదు, మెత్తటి పరుపు కావాలి. ఒకే జిగురు, రెండు మందాలు. పని తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా నాకు ఇక్కడే కనబడుతుంది.

ఇక ఉన్ని. నా మట్టుకు ఈ బొమ్మ ప్రాణమంతా అందులోనే ఉంది. భుజాల మీది జూలు నీలి రాయి, ఒంటి మీది బొచ్చు తెల్ల గవ్వ. ఒక్కో కుచ్చునూ విడిగా కోసి, కొసదేర్చి, దాని మీద గీతలు గీసి, పక్కదానికి ఒదిగేలా పొదిగాడు. ముక్కకూ ముక్కకూ మధ్య సందులో అడుగున ఉన్న కీలు నల్లగా కనబడుతుంది. అతను దాన్ని దాచాలని చూడలేదు. ఆ నలుపే ప్రతి కుచ్చుకూ కాటుక గీత అయింది. అతికించడానికి వేసిన జిగురు బొమ్మ గీయడానికి కూడా పనికొచ్చింది. దూరం నుంచి చూస్తే బొచ్చు కదులుతున్నట్టుంటుంది, దగ్గరికెళితే ప్రతి ముక్కా కదలకుండా కూర్చుని ఉంటుంది.

కొమ్ములు కూడా నీలి రాయే. చెవులు రాగి. ఇప్పుడవి చిలుము పట్టి పచ్చబడ్డాయి. పొట్ట కింద వెండి రేకు వేశాడు. మేక పొట్ట కింద బొచ్చు పలచబడి చర్మం మెరిసే చోటు చూసినవాడే అక్కడ గవ్వ ఆపి వెండి వేస్తాడు. ఆ వెండి నేలలోని ఉప్పు తగిలి, బాగు చేయడానికి వీలు లేనంతగా పాడయింది. మగ జీవమని తెలియడానికి పెట్టిన భాగానికి మాత్రం బంగారం, ఆ విషయంలో అతను ఎక్కడా మొహమాటపడలేదు. చెట్టు మొదలూ కొమ్మలూ బంగారు రేకుతో చుట్టి, కొసలకు ఆకులు, రేకలు విచ్చిన పూలు పెట్టాడు. ముందు కాళ్లను చెట్టుకు కలుపుతూ వెండి గొలుసులుండేవి, అవి పూర్తిగా తుప్పులో కలిసిపోయాయి. కింద దీర్ఘచతురస్రపు పీట, దాని మీద గవ్వ, ఎర్ర సున్నపురాయి, నీలి రాయి ముక్కలతో గళ్ల నమూనా.

ఈ సరుకుల్లో ఆ ఊరి నేలలో దొరికేది ఏదైనా ఉందా అని చూస్తే పనితనం మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. దక్షిణ మెసొపొటేమియాలో ఉన్నది మట్టి, నీరు, రెల్లు. రాయి లేదు, లోహం లేదు, మంచి కలప లేదు. నీలి రాయి లాపిస్ లాజులి, మన పాత గ్రంథాల్లోని రాజావర్తం, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల నుంచి వచ్చింది. గవ్వ దక్షిణాన ఉన్న సముద్రం నుంచి. ఆ కాలంలో ఊర్‌కు రాగి ఎక్కువగా ఒమాన్ వైపు నుంచి వచ్చేది. బార్లీ, ఉన్ని, నేసిన గుడ్డ ఇచ్చి కొన్న సరుకు ఇది. అంత దూరం నుంచి గాడిద వీపు మీద వచ్చిన నీలి రాయిని ముక్కలు చేసి మేక భుజానికి జూలుగా పెట్టేటప్పుడు చేయి వణకకుండా ఉండాలి.

మన వైపు సరుకు కూడా ఆ సమాధుల్లో ఉంది. పువాబి రాణి సమాధిలోనూ, మిగతా వాటిలోనూ దొరికిన ఎర్ర అకీకు పూసల్లో కొన్ని సింధు నాగరికత పనివాళ్ల చేతివి. రెండు రకాలుగా వాటిని గుర్తుపట్టవచ్చు. ఒకటి, ఎర్ర రాయి మీద తెల్ల గీతలున్నవి. క్షారం కలిపిన ముద్దతో రాయి మీద గీతలు గీసి కాలిస్తే ఆ గీతలు తెల్లగా తేలతాయి. మొహెంజొదారో తవ్విన ఎర్నెస్ట్ మేకే, సింధ్‌లోని సెహ్వాన్‌లో ఒక ముసలాయన ఒక మొక్క రసంలో చాకలి సోడా కలిపి అదే పని చేసి చూపించగా రాసుకున్నాడు. రెండోది, సన్నగా పొడుగ్గా ఉండే పూసలు. వేలంత పొడవు రాయికి ఈ కొస నుంచి ఆ కొసకు సూటిగా బెజ్జం వేయాలి. ఆ బరమా మొనకు వాడిన గట్టి రాయికి మేకే పేరు మీదే ఎర్నెస్టైట్ అని పేరు పెట్టారు. ఈ రోజుల్లో పరిశోధకులు అదే రాయితో వేసి చూస్తే గంటకు రెండున్నర మిల్లీమీటర్లు దిగింది. అంటే ఒక్క పొడుగు పూస బెజ్జానికే రోజులు పడతాయి. అంతా అయ్యాక చివరి గంటలో రాయి పగిలితే మళ్లీ మొదలు.

ఆ సమాధుల్లోని మిగతా పనుల గురించి రాస్తూ పోతే ఈ వ్యాసం చాలదు. పువాబి తలకట్టు మీది బంగారు ఆకులు, మెస్కలమ్‌దుగ్ అనే ఆయన శిరస్త్రాణం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఆ శిరస్త్రాణం ఒకే రేకును కొట్టి తీసింది. జుట్టు పాయలూ, వెనక ముడీ, చెవులూ అందులోనే లేపాడు. చెవి దగ్గర వినబడటానికి బెజ్జం వదిలాడు. అంచు వెంట లోపలి మెత్త కుట్టుకోవడానికి చిన్న చిన్న రంధ్రాలు వేశాడు. అందం కోసం ఎంత కష్టపడ్డాడో, పెట్టుకునేవాడి తల నొప్పి పుట్టకుండా అంత ఆలోచించాడు.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పకపోతే తప్పు. మేకపోతులు దొరికిన 1237 నంబరు సమాధిలో 74 మంది మనుషులున్నారు. 68 మంది ఆడవాళ్లు, ఆరుగురు మగవాళ్లు. వరసలుగా పడుకోబెట్టి ఉన్నారు, నగలు పెట్టుకుని. వాళ్లు విషం తాగి ప్రశాంతంగా కన్నుమూశారని వూలీ నమ్మాడు. పెన్సిల్వేనియా మ్యూజియంలో ఉన్న రెండు పుర్రెలకు సీటీ స్కాన్ తీసిన పరిశోధకులు 2011లో వేరే మాట చెప్పారు. కొనదేరిన ఆయుధంతో తల మీద కొట్టిన దెబ్బలు కనబడ్డాయి. శవం చెడిపోకుండా వేడి చేసి, పాదరసం కలిసిన పదార్థం పూసిన గుర్తులూ ఉన్నాయి. ఆ ఆడవాళ్ల తలలకు బంగారువో వెండివో పట్టీలున్నాయి. ఒక్క అమ్మాయి తలకు మాత్రం లేదు. ఆమె పట్టీ చుట్ట చుట్టినది చుట్టినట్టే నడుము దగ్గర దొరికింది. ఆలస్యంగా వచ్చి, పెట్టుకునే తీరిక లేక ఒళ్లో దోపుకుందని వూలీ ఊహ. మేకపోతును ఎంత సేపు చూసినా, ఆ చుట్టిన పట్టీ గుర్తుకొస్తే కళ్లు తిప్పుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు అబ్రాహామును పిలుద్దాం.

బైబిలు సంవత్సరాలను అక్షరాలా కూడి లెక్క కట్టేవాళ్లలో కొందరు ఆయన పుట్టుకను క్రీ.పూ. 2166లో పెడతారు. ఇంకొందరు క్రీ.పూ. 1800 ప్రాంతానికి తెస్తారు. ఆయన చారిత్రక వ్యక్తే కాదనే పండితులూ ఉన్నారు. ఎలా లెక్కగట్టినా, మన మేకపోతు భూమిలోకి వెళ్లాక దాదాపు మూడు వందల ఏళ్లయినా గడిస్తేనే గానీ ఆయన పుట్టడు. కాబట్టి ఈ బొమ్మకూ మోరీయా పొట్టేలుకూ సంబంధం వూలీ నోట్లో పుట్టిందే. ‘కల్దీయుల ఊరు’ అన్న పేరుదీ అదే తంతు. కల్దీయులు ఆ నేలకు వచ్చింది క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దం ప్రాంతంలో. ఆ మాట రాసినవాళ్లు తమ కాలంలో ఆ నగరానికున్న పేరే రాశారు. అబ్రాహాము కథలో ఒంటెలు కూడా ఇలాగే ముందుగా వచ్చి కూర్చున్నాయి. ఆ ప్రాంతంలో బరువులు మోసే పెంపుడు ఒంటె క్రీ.పూ. పదో శతాబ్దానికి గానీ మామూలు కాలేదని ఎముకలు చెబుతున్నాయి.

మరి పురావస్తువులు ఏమిస్తున్నాయి? ఆయన ఉన్నాడో లేడో చెప్పవు. ఆయనను ఏ నేల మీద నిలబెట్టుకోవాలో మాత్రం బాగా చెబుతాయి. క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఊర్ నమ్ము మొదలుపెట్టి, కొడుకు షుల్గి పూర్తి చేసిన జిగ్గురాత్ ఆ కాలానిది. లోపల పచ్చి ఇటుక, దాని చుట్టూ రెండు మీటర్లకు పైగా మందంతో కాల్చిన ఇటుక, మధ్యలో మళ్లీ మన కీలే. ఆ ఇటుకల మీద రాజు పేరు అచ్చుగుద్ది ఉంటుంది. ఆ గోడల్లో సరళరేఖ లేదని వూలీ కనిపెట్టాడు. కంటికి లోపలికి కుంగినట్టు అనిపించకుండా ఉబ్బుగా కట్టారట. అంత పెద్ద ఇటుకల గుట్టకు అంత సన్నటి సవరణ చేసిన తాపీ మేస్త్రీ, మేకపోతు చెక్కినవాడి వంశంవాడే అనిపిస్తుంది నాకు. ఆలయం చంద్ర దేవుడు నన్నాది. అబ్రాహాము తండ్రి తెరహు కుటుంబంతో వెళ్లి ఆగిన హారాను కూడా చంద్ర దేవుడి క్షేత్రమే. సెరూగు, నాహోరు, తెరహు అనే పూర్వీకుల పేర్లకు దగ్గరగా ఉండే ఊళ్లు కూడా హారాను చుట్టుపక్కలే ఉన్నాయి. అందుకే అసలు ఊర్ ఉత్తరాన ఎక్కడో ఉండాలని సైరస్ గోర్డన్ వంటివారు వాదించారు. టర్కీలోని ఉర్ఫావాళ్ల నమ్మకం కూడా తమ ఊరి వైపే.

వూలీ మాత్రం తన ఊర్‌ను వదల్లేదు. 1936లో అబ్రాహాము మీద ఒక పుస్తకమే రాశాడు. గుడారం, గొర్రెలు, ఎడారి అనుకున్న పితరుడు నిజానికి గొప్ప నగరంలో పెరిగినవాడని ఆయన వాదన. దానికి సాక్ష్యంగా క్రీ.పూ. 1800 ప్రాంతపు వీధులు చూపించాడు. సందులు, మధ్య ముంగిలి చుట్టూ గదులు, కింద కాల్చిన ఇటుక, పైన పచ్చి ఇటుక, ఇంట్లోనే పూజ గది, నేల కింద పెద్దల సమాధులు. ఆ సందులకు ఇంగ్లండు ఊళ్లలోని వీధుల పేర్లు పెట్టుకుని మురిసిపోయాడు. వాటిలో ఒక ఇల్లు రాగి వర్తకుడు ఏయ నాసిర్‌దని చెబుతారు. నన్ని అనే ఖాతాదారు అతనికి పంపిన మట్టి పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మంచి రాగి ఇస్తానని నాసిరకం అంటగట్టావు, డబ్బు కోసం పంపిన నా మనుషుల్ని చులకన చేశావు, ఇక మీదట నా ముంగిట్లోనే సరుకు నేనే ఏరి తీసుకుంటానని దాని సారాంశం. అబ్రాహాము ఆ సందుల్లో తిరిగాడని నిరూపించలేం. సరుకు నాణ్యం చూసి కొనే మనుషులు తిరిగారని చెప్పడానికి మాత్రం ఆ పలక చాలు.

ఆ ఇళ్ల పునాదుల మీద 1999లో ఇరాక్ ప్రభుత్వం కొత్త ఇటుకలతో ‘అబ్రాహాము ఇల్లు’ లేపింది. పోపు వస్తాడని ఆశ. అప్పుడు రాలేదు. 2021 మార్చి 6న పోపు ఫ్రాన్సిస్ ఊర్‌కు వచ్చి, అబ్రాహామును తమవాడనుకునే మతాల పెద్దలతో కలిసి కూర్చున్నాడు. కొత్త ఇటుకలు బాగానే పేర్చారు, అంచులు సూదుల్లా ఉన్నాయి. జిగ్గురాత్ గోడల ఉబ్బు గురించి చదివిన కంటికి ఆ సూటిదనం కొంచెం గుచ్చుకుంటుంది.

మేకపోతు దగ్గర ఇంకొక్క వివరం మిగిలింది. రెండు బొమ్మలకూ భుజాల మధ్య నుంచి బంగారు రేకు తొడిగిన గొట్టం ఒకటి పైకి లేస్తుంది. జంటగా ఎదురెదురుగా నిలబడి, ఆ గొట్టాల మీద ఏదో ఒక పళ్లెమో పలకో మోసి ఉండాలి. అంటే ఇంత పనీ చేసింది ఒక బల్ల కాళ్లకో, పీట కోళ్లకో. ఇప్పుడు ఒకటి లండన్‌లో, ఒకటి ఫిలడెల్ఫియాలో ఉన్నాయి. ఆకు ఇంకా నోటికి అందలేదు. భుజాల మీది గొట్టం ఖాళీగా ఉంది.